తప్పు ఎవరి వేలిది?

ఏజెన్సీలో ఏ కొత్త యాప్ వచ్చినా కొన్నాళ్లకు ఒకటే మాట వినిపిస్తుంది. "వీళ్లకు వాడటం రాదు." రేషన్ దుకాణంలో యంత్రం వేలిముద్ర పట్టకపోయినా, పని కాడ హాజరు ఫొటో ఎక్కకపోయినా, పింఛను దరఖాస్తు మధ్యలో ఆగిపోయినా కారణంగా చెప్పేది ఇదే. సమావేశంలో అధికారి ఈ మాటే అంటాడు. కంప్యూటర్ ముందు కూచున్న కుర్రాడూ ఇదే అంటాడు. చివరికి మన ముసలవ్వ కూడా "చదువు రానిదాన్ని బిడ్డా, నాదే తప్పు" అనుకుని ఇంటికి పోతుంది.

ఈ వ్యాసం ఆ మాట మీద విమర్శ. ఆ మాట తప్పని మనం కోపంతో అనక్కర్లేదు. ఎనభై ఏళ్లుగా పెరిగిన ఒక శాస్త్రమే ఆ సంగతి చెబుతోంది. ఇంగ్లీషులో దాన్ని హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటారు. మనిషి చూపు ఎంత, చెయ్యి ఎట్లా కదులుతుంది, ఎంతసేపు గుర్తుంటుంది, అలిసినప్పుడు ఏమవుతుంది అని ముందు తెలుసుకుని, యంత్రాన్ని మనిషికి సరిపోయేలా చేయాలన్నది ఆ శాస్త్రం మూలసూత్రం. కంప్యూటర్లు, ఫోన్లు వచ్చాక అది తెర మీదికి వచ్చింది. ఏ బటన్ ఎక్కడ ఉండాలి, ఏ మాట రాయాలి, తప్పు జరిగితే తెర ఏం చెప్పాలి అన్నవి అందులో భాగాలయ్యాయి. ఇంత మంచి శాస్త్రం మన గూడేల దాకా ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

విమానం నేర్పిన పాఠం

ఈ శాస్త్రం పుట్టింది యుద్ధంలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం వాడిన బి-17 బాంబర్ విమానాల్లో ఒక వింత ప్రమాదం మళ్లీ మళ్లీ జరిగేది. విమానం క్షేమంగా నేల మీద దిగేది. దిగిన తర్వాత రెక్కలకుండే ఫ్లాప్‌లను లోపలికి తీయబోయి పైలట్ చక్రాలను లోపలికి తీసేసేవాడు. విమానం పొట్ట మీద కూలబడేది. కాగితాల్లో "పైలట్ తప్పిదం" అని రాసేవారు.

ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తను ఈ సంగతి చూడమన్నారు. ఆయన పైలట్ల తెలివిని పరీక్షించలేదు. వాళ్ల చేతికి అందే మీటలను చూశాడు. చక్రాల మీట, ఫ్లాప్‌ల మీట పక్కపక్కనే, దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. అదే కాలంలో సి-47 అనే రవాణా విమానంలో ఆ రెండూ దూరంగా ఉండేవి, కదిలించే పద్ధతి కూడా వేరు. దాన్ని నడిపేవాళ్లు ఈ పొరపాటు చేయలేదు. పైలట్లలో తేడా లేదు, మీటల్లో ఉంది. చపానిస్ చెప్పిన మందు చాలా చిన్నది. చక్రాల మీట చివర చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీట చివర రెక్కలాంటి ముక్క బిగించమన్నాడు. చీకట్లో తడిమినా ఏది ఏదో చేతికి తెలుస్తుంది. ఈనాటికీ విమానాల్లో ఆ మీట చివర చక్రం ఆకారం ఉంటుంది.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే మరో ఇద్దరు ఇంకో అడుగు వేశారు. పైలట్లనే అడిగి, మీటల విషయంలో జరిగిన 460 పొరపాట్ల అనుభవాలు పోగుచేశారు. వాటిలో సుమారు సగం, ఒకటి అనుకుని ఇంకొకటి పట్టుకున్నవే. తమ నివేదిక పేరులో "పైలట్ తప్పిదం" అన్న మాటను వాళ్లు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు. ఆ రెండు గుర్తుల్లోనే ఈ శాస్త్రం సారం ఉందని నాకనిపిస్తుంది. జనం తప్పని పిలిచేదాన్ని మేం అట్లా పిలవం అని చెప్పడమే అది.

తర్వాతి కాలంలో ఇదే పాఠం కంప్యూటర్ తెరకు వచ్చింది. 1979లో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగితే ముందు ఆపరేటర్లనే తప్పుపట్టారు. అక్కడి నియంత్రణ గదిని పరిశీలించినవాళ్లలో డొనాల్డ్ నార్మన్ ఒకరు. ఆ గదిని కట్టిన తీరే మనిషిని తప్పులోకి నెట్టేలా ఉందని ఆయన తేల్చాడు. 1988లో రోజువారీ వస్తువుల రూపకల్పన మీద ఆయన రాసిన పుస్తకం ఈ రంగంలో అందరూ చదివేదైంది. తలుపును తోయాలో లాగాలో తెలియక మనిషి తడబడితే తప్పు తలుపుదని ఆ పుస్తకం వాదన. వస్తువు తనతో ఏం చేయవచ్చో తానే చూపాలి. మనం ఏదైనా చేయగానే ఏం జరిగిందో వెంటనే చెప్పాలి. పొరపాటు జరిగితే వెనక్కి తీసుకునే దారి ఉండాలి.

ఆ దారి లేకపోతే ఏమవుతుందో థెరాక్-25 కథ చెబుతుంది. అది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 నుంచి 1987 దాకా అమెరికా, కెనడాల్లో ఆరుగురికి అది విపరీతమైన మోతాదు ఇచ్చింది. వాళ్లలో కొందరు చనిపోయారు. అసలు లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కానీ తెర చేసిన పని కూడా చూడాలి. ఏదో తేడా వచ్చినప్పుడు అది "మాల్‌ఫంక్షన్ 54" అని మాత్రం చూపింది. అంటే ఏమిటో ఆపరేటర్‌కు తెలియదు. అట్లాంటి సందేశాలు రోజూ వస్తూనే ఉండేవి కాబట్టి, ఒక మీట నొక్కి ముందుకు పోవడం అలవాటైంది. తెర మీద అర్థం కాని ఒక మాట మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

బడిపంతుళ్లకు ఈ శాస్త్రం పేరు కొత్త కావచ్చు, విషయం కొత్త కాదు. ఒక పిల్ల తీసివేత తప్పు చేస్తే ఆ పిల్ల పలకను చూస్తాం. ముప్పై మందిలో ఇరవై ఐదు మంది ఒకే తప్పు చేస్తే మన పాఠాన్ని చూసుకుంటాం. తరగతి మొత్తానికి "తెలివి లేదు" అని రాసే టీచర్‌ను ఎవరూ మంచి టీచర్ అనరు. మరి ఊరు మొత్తానికి "వాడటం రాదు" అని రాసే యాప్‌ను మంచి యాప్ అని ఎట్లా అంటున్నాం?

తెర మీది తెలుగు

మొదట మాటల సంగతి చూద్దాం. "మా యాప్ తెలుగులో ఉంది" అని గొప్పగా చెబుతారు. ఆ తెలుగును చదివి చూడండి.

"ప్రమాణీకరణ విఫలమైంది." వేలిముద్ర కలవనప్పుడు కనబడే మాటల్లో ఇదొకటి. దీన్ని నాలుగో తరగతి పిల్ల అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, అర్థం చెప్పలేదు. కుర్రాడు దాన్ని "ఫెయిలైంది అవ్వా" అని చెబుతాడు. అవ్వకు తెలిసిన ఫెయిల్ ఒక్కటే, పరీక్షలో పిల్లలు తప్పడం. తాను తప్పానని అనుకుంటుంది. నిజానికి ఏం జరిగి ఉండొచ్చు? కలుపు తీసి, వెదురు చీల్చి, తునికాకు కోసి వేలి గీతలు అరిగి ఉండొచ్చు. వేలు తడిగా ఉండొచ్చు. అద్దం మీద దుమ్ము ఉండొచ్చు. సిగ్నల్ లేకపోయి ఉండొచ్చు. నాలుగు కారణాలకు నాలుగు వేరు వేరు మందులున్నాయి. తెర మాత్రం ఒక్క మాటే చెబుతుంది. "వేలు తుడుచుకుని మళ్లీ పెట్టండి" అని ఒక చోట, "సిగ్నల్ లేదు, మీ వేలిముద్రలో తప్పు లేదు" అని ఇంకో చోట రాయడానికి ఖర్చేమీ ఎక్కువ కాదు. తప్పు జరిగినప్పుడు కోడ్ నంబర్లు కాకుండా మామూలు మాటల్లో ఏం జరిగిందో, ఏం చేయాలో చెప్పాలన్నది జేకబ్ నీల్సన్ 1994లో ఖరారు చేసిన పది సూత్రాల్లో ఒకటి. తెరల గురించి చదువుకునే ప్రతి ఇంజనీరుకూ ఆ పదీ నేర్పుతారు.

"రద్దు చేయి" అన్న బటన్ చూడండి. ఇంగ్లీషులో క్యాన్సిల్ అన్న దానికి ఇది తర్జుమా. చేస్తున్న పనిని ఆపి వెనక్కి పోవడం అని దాని భావం. గూడెంలో "రద్దు" అంటే వేరు. కార్డు రద్దయింది, పట్టా రద్దయింది, పింఛను రద్దయింది. తన కాగితం చూపించే తెర మీద "రద్దు చేయి" అని ఉంటే దాన్ని నొక్కడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? వెనక్కి పోయే దారి ఉంది, కానీ దాని మీద భయపెట్టే బోర్డు ఉంది. "వద్దు, వెనక్కి" అని రాస్తే సరిపోయేది.

"సెషన్ గడువు ముగిసింది." కాసేపు ఏమీ నొక్కకపోతే వచ్చే సందేశం ఇది. మళ్లీ మొదటినుంచి మొదలుపెడితే చాలు. కానీ "గడువు" అంటే మన వాళ్లకు దరఖాస్తుకు ఆఖరి తేదీ, అప్పు కట్టాల్సిన రోజు. గడువు ముగిసిందని చదివి చెబితే విన్న మనిషి దరఖాస్తు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని పోతాడు. ఇందులో చదువు రాకపోవడం ఏముంది? అతను తెలుగును సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. రాసినవాళ్లకే ఆ మాట ఊళ్లో ఎట్లా బతుకుతుందో తెలియదు.

పేరు రాసే గడుల సంగతి ఇంకొకటి. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. మనకు ఇంటిపేరే ముందు వస్తుంది. ఆత్రం, కుమ్ర, సిడాం, మడావి అన్నవి పేరుకు ముందు పలికేవి. ఒకచోట ఆపరేటర్ ఇంటిపేరును మొదటి గడిలో రాస్తాడు, ఇంకోచోట చివరి గడిలో రాస్తాడు. ఆ రెండు కాగితాలూ ఒకరివి కావని కంప్యూటర్ అంటుంది. పేరు ఒక్కటే, మనిషి ఒక్కడే. ఒకే గడి ఇచ్చి "మీ పేరు ఎట్లా పిలుస్తారో అట్లా రాయండి" అంటే ఈ గొడవలో సగం ఉండదు.

ఇదంతా తెలుగు గురించి. మా ఇళ్లలో తెలుగు రెండో భాష. 2011 జనాభా లెక్కల్లో గోండిని మాతృభాషగా చెప్పినవాళ్లు 29 లక్షలకు పైనే. అది రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో లేదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. మధ్యప్రదేశ్ వైపు పుట్టిన మసరాం గోండి లిపికి అంతకు ముందు ఏడాదే వచ్చింది. ఇవి గర్వపడాల్సిన సంగతులే. ఫోన్లో మన అక్షరం రాయడానికి కోడ్ ఉంది. కానీ కోడ్ రావడం వేరు, ప్రభుత్వ యాప్‌లో బటన్ మీద మన మాట రావడం వేరు. మొదటిది పండితులు, భాషాభిమానులు సాధించారు. రెండోది అడిగేవాళ్లు ఇంకా రాలేదు.

బొమ్మలు, మెనూలు

చదువు రానివాళ్లకు బొమ్మలు పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇది కూడా సగం నిజమే.

కంప్యూటర్ తెర మీది బొమ్మలు ఎక్కడినుంచి వచ్చాయో చూడండి. 1981లో జిరాక్స్ సంస్థ స్టార్ అనే కంప్యూటర్ తెచ్చింది. దాని తెర ఒక ఆఫీసు బల్ల. దాని మీద కాగితాలు, ఫోల్డర్లు, ఉత్తరాలు వేసే ట్రే ఉంటాయి. 1984లో వచ్చిన మ్యాకింటాష్ ఆ పద్ధతిని ఇళ్లలోకి తెచ్చింది. అమెరికాలో ఆఫీసులో పనిచేసేవాళ్లకు అది తెలిసిన లోకం. వాళ్లకు తేలికగా ఉండాలనే అట్లా చేశారు, అందులో తప్పు లేదు. ఆ బల్ల ఎన్నడూ చూడనివాళ్లకు అది తేలిక కాదన్న సంగతి మాత్రం తర్వాత అందరూ మరిచారు.

మన దేశంలోనే దీని మీద మంచి పని జరిగింది. ఇంద్రాణి మేధి అనే పరిశోధకురాలు బెంగళూరులో ఇళ్లలో పనిచేసే మహిళల కోసం, అక్షరాలు లేని తెరలను వాళ్లతో కలిసి తయారుచేసి చూశారు. వంటగది బొమ్మ పెడితే అది వంటగది అనే చోటా, వంటపనా అన్నది తెలియదు. నీళ్లు కారడం, ఆవిరి రావడం లాంటివి గీస్తే పని అని తెలుస్తుంది. బొమ్మతో పాటు గొంతు కూడా ఉంటేనే మేలు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకోటి. తెర వాడటం తెలిసినా, ఈ యంత్రం తమకు ఎందుకు, దాని వెనక ఎవరున్నారు అన్నది ఆ మహిళలకు నమ్మకం కలగలేదు. ఆ కథంతా చిన్న వీడియోగా చూపించాక ముందుకొచ్చారు. అంటే అడ్డం పడింది తెలివి కాదు, నమ్మకం. ఎవరో తెలియని యంత్రానికి వేలు ఇవ్వడానికి మనిషి జంకడం జ్ఞానమే.

అదే పరిశోధకుల మరో పనిలో, ఒకదానిలో ఒకటి దాగిన మెనూల కన్నా అన్నీ ఒకే వరుసలో కనబడే జాబితా చదువు రానివాళ్లకు తేలికని తేలింది. ఈ ఫలితం నాకు నమ్మదగిందే. కానీ దీన్నుంచి కొందరు తీసే అర్థంతో నాకు పేచీ ఉంది. చదువు రానివాళ్ల బుర్రకు వర్గాలు, ఉపవర్గాలు పట్టవని వాళ్లంటారు. మా గోండుల్లో నాలుగు దేవుళ్ల సగ, ఐదు దేవుళ్ల సగ, ఆరు దేవుళ్ల సగ, ఏడు దేవుళ్ల సగ అని నాలుగు వర్గాలు. ఒక్కో సగ కింద ఎన్నో ఇంటిపేర్లు. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరింటి పిల్లను ఎవరికి అడగొచ్చు అన్నది బడి మెట్టెక్కని అవ్వ క్షణంలో చెబుతుంది. అది మెనూలో మెనూ కాక మరేమిటి? వర్గీకరణ మాకు తెలుసు. యాప్ చేసిన వర్గీకరణే తెలియదు, ఎందుకంటే అది ఆఫీసు శాఖల వారీగా చేసింది. పింఛను ఒక శాఖ, రేషన్ ఇంకో శాఖ, ఉపాధి పని మరో శాఖ. మనిషి కష్టం శాఖల వారీగా రాదు. "పైసలు రాలేదు" అన్న ఒక్క బటన్ ఎక్కడా ఉండదు.

గొంతుతో నడిచేది

ఈ లోపాలన్నీ తప్పనివి కావని చూపే ఉదాహరణ మనకు దగ్గరలోనే ఉంది. 2010లో శుభ్రాంశు చౌదరి, ఆయన తోటివాళ్లు ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. దానికి తెర లేదు. మామూలు ఫోన్ చాలు. మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచే ఫోన్ వస్తుంది, మనకు పైసా ఖర్చు లేదు. ఒకటి నొక్కితే మాట్లాడొచ్చు, రెండు నొక్కితే ఇతరులు చెప్పింది వినొచ్చు. గోండిలో చెప్పొచ్చు. చేతిపంపు పాడైందని, కూలి రాలేదని, టీచర్ రావడం లేదని జనం చెప్పారు. పాటలు కూడా పాడారు.

హ్యూమన్ ఫ్యాక్టర్స్ కళ్లతో చూస్తే దీని బలం తెలుస్తుంది. మనిషికి అప్పటికే వచ్చిన పనినే అది అడుగుతుంది: మాట్లాడటం, వినడం. నొక్కాల్సిన అంకెలు కొద్ది. ఇది చాలా ముఖ్యం. ఒకసారి విని మనసులో పట్టి ఉంచుకోగలిగేవి ఏడుకు అటూ ఇటూ మాత్రమేనని జార్జ్ మిల్లర్ 1956లోనే రాశాడు. అయినా ఫోన్ చేస్తే తొమ్మిది దాకా అంకెలు అప్పజెప్పి, విన్నవన్నీ మరిచిపోయేలా చేసే సేవలు మనకు తెలియనివి కావు. గొంతు పెట్టినంత మాత్రాన తేలిక కాదు, లెక్కగా పెట్టాలి. ఇంకో సంగతి, సీజీనెట్ స్వరలో మాట వెనక మనుషులున్నారు. వచ్చిన మాటను విని, సరిచూసి, అందరికీ వినిపించేవాళ్లు, సంబంధిత అధికారికి ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. తెర ఎంత బాగున్నా వెనక మనిషి లేకపోతే అది గోడతో మాట్లాడినట్టే.

యూజర్ ఎవరు?

ఇప్పుడు అసలు విమర్శకు వస్తాను. ఈ శాస్త్రం పుస్తకాలన్నీ "యూజర్" చుట్టూ తిరుగుతాయి. యూజర్‌కు తేలికగా ఉందా, యూజర్ గందరగోళపడ్డాడా అని అడుగుతాయి. యూజర్ అంటే వాళ్ల మనసులో ఒక మనిషి, అతని చేతిలో అతని ఫోన్. మా దగ్గర ఒక ఇంటికి ఒక ఫోన్. అది కొడుకు పనికి పోతే వాడితో పోతుంది. ఓటీపీ వచ్చే నంబరు ఒకరిది, పింఛను ఇంకొకరిది, నొక్కే వేలు మూడోవాడిది. ఈ ముగ్గురిలో యూజర్ ఎవరు?

ఉపాధి హామీ పనిలో హాజరు కోసం కేంద్రం 2021లో తెచ్చిన నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్ యాప్‌ను ఈ ప్రశ్నతో చూడాలి. 2023 జనవరి 1 నుంచి దాన్ని దాదాపు అన్ని సామూహిక పనులకూ తప్పనిసరి చేశారు. పని కాడ మేట్ తన ఫోన్‌తో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీయాలి. ఫొటోతో పాటు చోటు, సమయం నమోదవుతాయి. దొంగ మస్టర్లను ఆపడానికి తెచ్చామన్నారు. దొంగ మస్టర్లు నిజమే, అవి దోచింది మన కూలినే. కాబట్టి లెక్క ఉండొద్దని నేననను.

కానీ ఈ తెరను నార్మన్ సూత్రాలతో కొలవండి. ఏదైనా చేయగానే ఏం జరిగిందో చెప్పాలన్నది సూత్రం. మేట్‌కు తెర ఉంది, పైన చూసే అధికారికి తెర ఉంది. గడ్డపార పట్టిన మనిషికి ఏ తెరా లేదు. తన హాజరు పడిందో లేదో ఆమెకు ఎవరూ చెప్పరు. పొరపాటును వెనక్కి తీసుకునే దారి ఉండాలన్నది ఇంకో సూత్రం. ఫొటో ఎక్కకపోతే చేత్తో హాజరు వేయించే అధికారాన్ని జిల్లా ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు ఇచ్చారు. అంటే వెనక్కి తీసుకునే బటన్ ఉంది. అది జిల్లా కేంద్రంలో ఉంది. ఒక రోజు కూలి కోసం ఇంకో రోజు కూలి పోగొట్టుకుని, బస్సు కిరాయి పెట్టుకుని దాన్ని నొక్కడానికి ఎవరు పోతారు?

బి-17 మీట ఎందుకు మారింది? పైలట్లు పాపమని కాదు. కూలింది సైన్యం విమానం. నష్టం యజమానిదే. అందుకే రబ్బరు చక్రం కొనే డబ్బు వెంటనే దొరికింది. అణు కేంద్రం, పెద్ద ఆసుపత్రి, అమ్ముడుపోవాల్సిన ఫోన్, అన్నింటికీ ఇదే లెక్క. వాడేవాడు విసుగెత్తి ఇంకో కంపెనీకి పోతాడన్న భయం ఉన్నచోట తెరలు బాగుపడతాయి. మన దగ్గర తెర తప్పు చేస్తే పోయేది కూలీ కూలి, అవ్వ బియ్యం. యాప్ చేసినవాడి జీతం ఆగదు, చేయించినవాడి ఫైలు ఆగదు. ఇంకో రేషన్ యంత్రానికి పోదామంటే ఇంకొకటి లేదు. నష్టం ఒకరిది, మీట ఇంకొకరిది అయినప్పుడు ఆ మీట మారదు. ఈ శాస్త్రం పుస్తకాల్లో నాకు కనబడని అధ్యాయం ఇదే. మనిషి కన్ను, చెయ్యి, జ్ఞాపకం గురించి అవి ఎంతో చెప్పాయి. నష్టం ఎవరి మీద పడుతుందో ముందు చూడమని మాత్రం గట్టిగా చెప్పలేదు.

అందుకే యూజర్ అన్న మాటను నేను ఇట్లా మార్చి చదువుతాను: యాప్ తప్పు చేస్తే ఎవరికి నష్టమో వాళ్లే దాని యూజర్. అట్లా చదివితే హాజరు యాప్ యూజర్ మేట్ కాదు, కూలీ. అప్పుడు ఆమెకు రావాల్సిందేమిటో కూడా తేలుతుంది. సాయంత్రానికి ఇంటి ఫోన్‌కు ఆమె భాషలో ఒక గొంతు సందేశం: "ఈ రోజు మీ హాజరు పడింది." పడకపోతే, "పడలేదు, రేపు పంచాయతీలో చెప్పండి." ఇందులో కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు.

మన 460

మన పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నారు, కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లకు ఒక మాట. ఐదుగురితో వాడించి చూస్తే తెరలో లోపాలు చాలావరకు బయటపడతాయని మీకు నేర్పుతారు. ఆ ఐదుగురు ఎవరని అడగండి. ఏసీ గదిలో కూచున్న ఐదుగురా, లేక ఎండలో, పగిలిన అద్దం ఉన్న ఫోన్‌తో, అరిగిన వేళ్లతో నిలబడ్డ ఐదుగురా? రెండో ఐదుగురికి పనిచేసే తెర మొదటివాళ్లకూ పనిచేస్తుంది. మొదటివాళ్లకు పనిచేసింది రెండోవాళ్లకు పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

మిగతా మనందరికీ, ముఖ్యంగా టీచర్లకు, అంగన్‌వాడీ, ఆశా అక్కలకు ఇంకో మాట. ఫిట్స్, జోన్స్ చేసిన పనిలో గొప్ప యంత్రమేదీ లేదు. వాళ్లు పైలట్లను అడిగారు, చెప్పింది రాసుకున్నారు. మనల్ని అడగడానికి ఎవరో వస్తారని కూచోవద్దు. బడిలో ఒక నోటు పుస్తకం పెడదాం. యాప్ ఆగిపోయిన ప్రతిసారీ ఐదు సంగతులు రాద్దాం: తేదీ, ఆ మనిషి చేయబోయిన పని, తెర మీద కనబడిన మాట ఉన్నది ఉన్నట్టుగా, దానికి ఆ మనిషి అనుకున్న అర్థం, పోయిన కూలి లేదా తిరిగిన తిరుగుళ్లు. ఎవరి పేరూ, ఆధార్ నంబరూ రాయొద్దు. పది గూడేల్లో ఏడాది రాస్తే 460 దాటడం కష్టం కాదు.

ఆ పుస్తకాలను ఐటీడీఏ సమావేశంలో బల్ల మీద పెట్టిన రోజున "వీళ్లకు వాడటం రాదు" అన్న మాట అంత తేలికగా అనలేరు. అంటే మనం పేజీ తీసి చదువుతాం. ఏ తేదీన, ఏ తెర, ఏ మాట అన్నదో అందులో ఉంటుంది.